ఎదుటిచెవి

ఆ సోమవారం వనజ చేయవలసిన పనులు ఇవి.

బాపును జూబ్లీ బస్టాండులో దించుకోవాలి. టిఫిను తినిపించాలి. చెవుల వెనక రెండు వేళ్ల మేర వెంట్రుకలు కత్తిరించాలి; మంగలి దగ్గరికి పొమ్మంటే సిగ్గుపడతాడు కాబట్టి ల్యాబులో తానే కత్తిరించాలి. సమ్మతి పత్రం చదివి వినిపించాలి, ఒక్కో వాక్యానికి ఆగి అర్థమైందా అని అడగాలి, సంతకం తీసుకోవాలి. చప్పుడు లేని గదిలో ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి, గోడ గడియారంలో సెల్లు తీసేయాలి. పట్టీలు రెండూ స్పిరిటుతో తుడవాలి. మైథిలి మేడం ముందు బాపు బీడీ వెలిగించకుండా చూడాలి. అమ్మకు ఫోను చేసి ఆయన మంచిగా దిగాడని చెప్పాలి. బాపు మీద విసుక్కోకూడదు.

చిట్టీలో చివర రాసుకున్న పనే అన్నిటికంటే ముందు తప్పింది.

బస్సు మెట్టు మీదినుంచే ఆమె తండ్రి దూస అంబదాసు బస్టాండంతా వినబడేలా "వనజా! గీడున్న!" అని కేక పెట్టాడు. ఆమె నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉంది. అటుపక్క పల్లీలు అమ్మేవాడు, ఇటుపక్క సూటుకేసులతో నిలబడ్డ జంట, అందరూ తిరిగి చూశారు.

"మెల్లగా బాపూ! ఇక్కడే ఉన్నాను కదా."

"మెల్లగనే అంటి గద బిడ్డా."

ఆయన నిజంగా మెల్లగానే అన్నాననుకున్నాడు. సిరిసిల్లలో ముప్పై రెండేళ్లు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒక్క షెడ్డులో పదహారు సాంచాలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. పనిచేసేవాళ్లు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. షెడ్డు దాటి బయటికొచ్చాక గొంతు ఎంత లేపుతున్నారో వాళ్లకే తెలియదు. సాంచాలోళ్ల ఇంట్లో గుసగుసలు లేవని ఆ వాడలో నవ్వుకునేవాళ్లు.

ఆ ఇంట్లో మొదటి పట్టా వనజది. అమ్మ సుగుణ బీడీలు చుట్టి, తండ్రి సాంచాలు నడిపి చదివించారు. అయినా అంబదాసు ఎన్నడూ కూతురిని ఒక్క మంచిమాట అన్నది లేదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు, ఇంజినీరింగు సీటు వచ్చిన రోజు, హైదరాబాదులో పరిశోధనకు ఎంపికైన రోజు, మూడుసార్లూ ఆయన అన్నది ఒకటే: "సరే. తిన్నవా?" కోపపడిందీ లేదు. కానీ అంత పెద్ద గొంతుతో అంత చిన్న మాట అంటే ఆమెకు అది చిరాకులాగే వినబడేది. తన చదువు ఆయనకు ఇష్టమో, బరువో, అసలు పట్టనే పట్టదో, ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా ఆమెకు తేలలేదు. తేల్చుకోవాలన్న ఆశ ఒకటి లోపల ఉందని ఏ దరఖాస్తులోనూ రాయలేదు.

*

ల్యాబులో తయారుచేసిన పరికరానికి కాగితాల మీద పొడుగాటి పేరు ఉంది గానీ, నోటికి మాత్రం అది "ఎదుటిచెవి". రెండు పట్టీలు. ఒకటి వినేవాడి తలకు, రెండోది మాట్లాడేవాడి తలకు. మాట్లాడేవాడు ఒక మాట అంటే అది ఎదుటివాడి లోపల ఎలా పడిందో అలాగే తిరిగొచ్చి వీడికి తగులుతుంది. గొంతు, ముఖం, వాటితోపాటు పుట్టిన చనువో బెదురో, అన్నీ.

మొదట్లో ఇద్దరు విద్యార్థులు పట్టీలు పెట్టుకున్నారు. ఒకడు "చాయ్ తాగుదామా" అన్నాడు. అన్న మరుక్షణం పట్టీ పీకేసి, "ఒరేయ్, నేను నీకు హుకుం చేస్తున్నట్టు వినబడతానా?" అని అడిగాడు. రెండోవాడు తల గోక్కుని, "నాలుగేళ్ల నుంచి" అన్నాడు. ఆ రోజు ల్యాబంతా నవ్వింది.

అయితే ఎదుటివాడి లోపల మన మాట ఒక్కటే ఉండదు. వాడి ఊపిరి ఉంటుంది, వాడి గొంతు వాడికి వినబడే తీరు ఉంటుంది, 'ఇది నేను' అని ఎడతెగకుండా సాగే సన్నటి హోరు ఒకటి ఉంటుంది. ఆ హోరును కాసేపు నిద్రపుచ్చితే తప్ప మన మాట విడిగా చిక్కదు. పట్టీ ముందుగా ఆ హోరు ఆకారం పట్టుకునేది, తర్వాత దానికి ఎదురు హోరు పంపి అణిచేది. దీన్ని తీసివేత అనేవారు. పట్టీ విప్పిన గంటలో హోరు తనంతట తాను లేచేది. ఒక మనిషికి ఆరుసార్లకు మించి తీసివేత చేయకూడదని నియమం పెట్టుకున్నారు.

"మనకి దొరికిన ముప్పైమందీ ఒకే అచ్చమ్మా" అంది ఒకరోజు ల్యాబు పెద్ద డాక్టర్ మైథిలి. "ఒకే కాలేజీ, ఒకే క్యాంటీను. లోకం ఇలా ఉండదు కదా. గొంతు పెద్దది, చెవి మందం, అలాంటి మనిషి ఎవరైనా దొరుకుతారా? ఏ కార్ఖానాలోనో పనిచేసినవాళ్లు?"

"మా బాపు ఉన్నారు మేడం" అంది వనజ. మాట నాలుక చివర సిద్ధంగా ఉన్నట్టుంది.

అలా అంబదాసు ఆ చప్పుడు లేని గదిలోకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గిదేం గది బిడ్డా, చెవులల్ల పత్తి వెట్టినట్టున్నది. గింత సప్పుడు లేకుంట మనుషులెట్లుంటరు?"

మైథిలి నవ్వింది. "ఐదు నిమిషాలేనండీ అంబదాసుగారూ. మీ పేరు మూడుసార్లు చెప్పండి, చాలు."

ఆయన చెప్పాడు. కిటికీ అద్దం అదిరింది.

"కాస్త మెల్లగా…"

"గింతకంటె మెల్లగంటే నాకే ఇనవడది మేడమ్మా."

తెర మీద విద్యార్థుల హోరు చెరువు నీటి మీద గాలి గీతల్లా ఉండేది. అంబదాసుది అలా లేదు. అంత నిశ్శబ్దంలోనూ, దాని అడుగున, టకటకమని ఒక దెబ్బ పడుతోంది. నిమిషానికి నూట ఇరవై. ఒక్కటి కూడా తప్పడం లేదు.

"ఇదేమిటి? గుండె కాదే."

"సాంచా మేడం" అంది వనజ. చూడగానే గుర్తుపట్టింది. "ముప్పై రెండేళ్ల మోత. లోపల మిగిలిపోయింది."

"దీన్ని తీసివేతలో కలుపుదామా, వదిలేద్దామా? నాకు తెలియదు. నువ్వు ఆ ఇంటి పిల్లవి, నువ్వు చెప్పు."

వనజ చదివింది పనికొచ్చే సంకేతం నుంచి పనికిరాని మోతను వేరుచేసే విద్య. చిన్నప్పుడు షెడ్డు పక్క గదిలో చెవుల్లో దూది కుక్కుకుని లెక్కలు చేసిన పిల్ల ఆమె. తండ్రికీ తనకూ నడుమ అడ్డం ఏదైనా ఉంటే అది ఆ మోతేనని చాలాసార్లు అనుకుంది.

"అనవసరం మేడం. తీసేద్దాం."

తెర మీద ఆ దెబ్బల చుట్టూ గీత గీసింది ఆమె చేయే.

*

పట్టీలు పెట్టుకున్నారు. మాట్లాడేవాడి పట్టీ వనజది, వినేవాడిది బాపుది; మొదటి మాటగా ఏం అడగాలో ఆమె రాసి పెట్టుకుంది. తేలికైనది, ఇంట్లో రోజూ అనుకునేది.

"అన్నం తిన్నావా బాపూ?"

తన గొంతు తనకు తిరిగొచ్చింది. అది తన గొంతని గుర్తుపట్టడానికి ఆమెకు కొంత సేపు పట్టింది. మాటలు సగం చెరిగిపోయి ఉన్నాయి. బదులు పెదవులు కనబడ్డాయి, తన పెదవులే, తహసీలు ఆఫీసులో కిటికీ అవతలి మనిషి పెదవుల్లా బిగుసుకుని, విడమరిచి, ఇంకోసారి చెప్పనన్నట్టుగా కదులుతున్నాయి. దాని వెనకే ఆమె మోకాళ్లు వాటంతటవే బిగిశాయి. లేచి నిలబడాలనిపించింది. చేయి భుజం దగ్గరికి పోయింది, లేని తువ్వాలు తీయడానికి. లోపల ఒకటే బెదురు: ఏం చెబితే తప్పవుతుందో.

"తిన్న" అన్నాడు అంబదాసు.

తినలేదు. టిఫిను దగ్గర ఆయన ఒక్క ఇడ్లీ తిని చేయి కడుక్కున్నాడని ఆమెకు తెలుసు.

కిటికీ అద్దం అవతల గదిలోంచి చూస్తున్న మైథిలి చప్పట్లు కొట్టింది. ఇంత తేటగా ఇంతవరకూ ఎవరి నుంచీ రాలేదు. వనజ పట్టీ విప్పి బాత్రూములోకి పోయి చన్నీళ్లతో ముఖం కడుక్కుంది. ఆయనకు తన చదువు పట్టదేమోనని ఇన్నాళ్లూ అనుకుంది. ఆయన తన ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడని, "సరే, తిన్నవా" అన్నది తప్పు పోని మాటలు అవి రెండే కాబట్టి అన్నాడని, కలలో కూడా అనుకోలేదు.

అమ్మకు ఫోను చేసింది.

"మీ బాపు ఆడ మంచిగున్నడా? పట్నం అమ్మలను జూసి నన్ను మరిశిండా ఏంది?"

"అమ్మా, బాపుకు నేనంటే భయమా?"

ఫోనులో బీడీ ఆకు మీద కత్తెర ఆడే చప్పుడు ఆగింది. "భయమేంది బిడ్డా? నువ్వొస్తున్నవంటే అంగి మార్సుకుంటడు, గంతే. నువ్వు ఇంగ్లీషుల ఫోను మాట్లాడితె బయటికి వొయ్యి కూసుంటడు. అది భయమంటరా?"

*

రెండోసారి వనజ కుర్చీలో కాక కింద కూర్చుని మాట్లాడింది. అదే తహసీలు కిటికీ, అదే బెదురు. మూడోసారి పుస్తకాల భాష పక్కన పెట్టి, "ఏం బాపూ, ఏం జేస్తున్నవ్" అంది. ఈసారి ఇంకా దారుణంగా తగిలింది. వెక్కిరిస్తున్నట్టు వినబడింది ఆయనకు. నాలుగోసారి చిన్ననాటి మాటలు ఎత్తింది, బతుకమ్మకు ఆయన భుజాల మీద ఎక్కి పోయిన సంగతి. కొంచెం వెచ్చగా ఏదో కదిలింది, అంతలోనే మోకాళ్లు బిగుసుకున్నాయి.

నాలుగోసారి మర్నాడు పొద్దున ఇద్దరూ ల్యాబు గేటు దగ్గర చాయ్ బండికి పోయారు. అంబదాసు తన అలవాటు గొంతుతో "రెండు చాయ్!" అని కేక వేసి, వెనక్కి తిరిగి చూసి, చాయ్ పోసే అతనితో, "ఎవరో పెద్దమనిషి మనకంటె ముందుగాల అడుగుతుండు. ఆయనకిచ్చినంకనే మాకియ్యి" అన్నాడు. వెనక ఎవరూ లేరు. చాయ్ అతను పకపకా నవ్వాడు. వనజ కూడా నవ్వింది. బాపు పరాచికాలాడగా వినడం ఎంత కాలమైందో అనుకుంది. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. రాసుకుని ఉండవలసింది.

విద్యార్థులకు గంటలో తిరిగొచ్చే హోరు ఆయనకు ఐదోసారి తర్వాత సగం రోజుకు గానీ రాలేదు. వయసు వల్ల అనుకున్నారు. ఆరోసారి కూడా అయిపోయింది. మైథిలి ఒక సభ కోసం వేరే ఊరు వెళ్లింది. అంబదాసు సోమవారం పొద్దున బస్సుకు సిరిసిల్ల పోవాలి.

ఆదివారం పగలు వనజ తాళం తీసి తండ్రిని మళ్లీ ఆ గదిలో కూర్చోబెట్టింది.

"ఆరే అంటివి గద?"

"ఇంకొక్కటి బాపూ. ఒక్కటే."

ఎందుకని ఆయన అడగలేదు. కూతురిని ఎందుకని అడగడం ఆయనకు చేతకాదు. "నీ పనికి అక్కరకొస్తదంటే పెట్టు. నాకేం బరువా" అని తల ముందుకు వంచాడు.

ఆమె పట్టీ బిగించింది. తీసివేత తెర మీద చకచకా సాగింది, ఎన్నడూ లేనంత తొందరగా. ఎదురుగా కూర్చుని, ఇన్నేళ్లుగా లోపల ఉన్న ప్రశ్న అడిగింది.

"నేను చదువుకున్నందుకు నీకు సంతోషమేనా బాపూ?"

గొంతు తేటగా తిరిగొచ్చింది. ఒక్క అక్షరం చెరగలేదు. తహసీలు కిటికీ లేదు. మోకాళ్లు బిగవలేదు. చేయి భుజం దగ్గరికి పోలేదు. బెదురు పోయింది, నా బాపుకు నేనంటే బెదురు పోయింది అనుకుని, వనజకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఆ సంతోషం మూడు నాలుగు క్షణాలు ఉంది. తర్వాత ఆమెకు వేరే సంగతి తెలిసింది. బెదురుతోపాటు ఇంకేదీ లేదు. ఆకలి లేదు, నడుమునొప్పి లేదు, కుర్చీ ఒరుసుకోవడం లేదు. ఆ ప్రశ్న ఎవరికి తగలాలో ఆ మనిషి అక్కడ లేడు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి పిలిచినట్టుంది.

"సంతోషమే" అన్నాడు అంబదాసు.

అని, వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు.

"ఎవరొచ్చిన్రు బిడ్డా?"

*

గంట గడిచింది, రోజు గడిచింది, వారం గడిచింది. హోరు లేవలేదు. అంబదాసుకు కాలూ చేయీ బాగానే ఉన్నాయి. సుగుణను, వనజను, వాడకట్టు వాళ్లను అందరినీ గుర్తుపడతాడు. పేరు అడిగితే చెబుతాడు. చెప్పాక, ఆ పేరు చెప్పిందెవరో అని చుట్టూ చూస్తాడు. తన గొంతు ఒక్కటే ఆయనకు తనది కాకుండా పోయింది.

మైథిలి తిరిగొచ్చి తెర మీది గీతలన్నీ చూసింది.

"ఏడోది ఎందుకు పెట్టావు?"

వనజ దాచలేదు. "నేనంటే భయం లేకుండా ఆయన ఒక్కసారి నా మాట వింటే ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను మేడం."

మైథిలి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ సాంచాల మోతలో ఆయన గొంతు ఆయనకి వినబడదు కదా. మరి తను మాట్లాడానని ఎలా తెలిసేది ఆయనకి?" అని అడిగింది.

"మోతను నెట్టుకుని మాట బయటికి రావాలి మేడం. రొమ్ములో తెలుస్తుంది ఆ నెట్టడం…" అంటూ వనజ మధ్యలో ఆగిపోయింది.

మోతను నెట్టేదే ఆయన గొంతు. ముప్పై రెండేళ్లు ఆయన తనను తాను అలాగే గుర్తుపట్టాడు. నెట్టడానికి ఎదురుగా ఏమీ లేకుండా చేశాక, నోట్లోంచి వచ్చే మాట గాల్లో తేలే ఎవరిదో మాట అయింది. ఆమె మోత అని గీత గీసి తీసేసింది ఆయనలో సగం మనిషిని.

"గీత గీసింది నువ్వే. కానీ నిన్ను అడిగింది నేను" అంది మైథిలి. "అడగాల్సింది నిన్ను కాదమ్మా. ఆయన ఎదురుగానే కూర్చున్నారు. ఆయన్ని అడగాల్సింది."

షెడ్డు మోతను రికార్డు చేసి తెచ్చి వినిపించారు. కుర్చీ కింద పలక అదిరేలా చేశారు. అంబదాసు పాదం టకటకమని తాళం వేసింది, ఆ గొంతు తనదన్న ఎరుక మాత్రం తిరిగి రాలేదు. పదకొండు వారాలు చూసి, వనజ తండ్రిని తీసుకుని సిరిసిల్ల బస్సెక్కింది. బస్సులో ఆయన ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు. ఎవరూ తిరిగి చూడలేదు.

*

మొదట్లో సుగుణ నవ్వేది.

"మీ బాపు ఇంకో చాయ వెట్టుమంటుండు. ఎవరికయ్యా అంటే, గా మాట్లాడే ఆయనకు అంటుండు. నా మొగడు పట్నం వొయ్యి సోపతిగాన్ని ఎంబడేసుకొచ్చిండే!"

తర్వాత తర్వాత ఆమె నవ్వకుండానే మూడో కప్పు పెట్టడం మొదలుపెట్టింది. పెట్టకపోతే ఆయన తన చాయ తాగేవాడు కాదు. ఇంటికొచ్చిన మనిషి చూస్తుండగా తాగడం మర్యాద కాదు కదా.

ఆ మర్యాదే అసలు కష్టం తెచ్చింది. అంబదాసు ఒకరు మాట్లాడుతుంటే నడుమ అందుకునే మనిషి కాదు. "ఇయ్యాల కూరల…" అని మొదలుపెడతాడు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతుంది. వాళ్లది అయిపోనీ అని ఆగుతాడు. ఆయన ఆగగానే ఆ గొంతూ ఆగుతుంది. ఎదురుచూస్తాడు. ఎంతకీ ఆ గొంతు మాట ముగించదు. అలా ఒక్కో మాటా తగ్గి, కొన్ని రోజులు పొద్దున్నించి పొద్దుగూకే దాకా ఇంట్లో ఆయన గొంతే లేకుండా గడిచాయి.

ఆయనతో ఇరవై ఏళ్లు పక్క సాంచాల మీద పనిచేసిన రాజేశం ఒకరోజు వచ్చి, "ఇంట్ల ఎందుకు కూసోవెట్టిన్రు? నా ఎంబడి తోలుండ్రి" అని షెడ్డుకు తీసుకుపోయాడు. వనజ కూడా వెళ్లింది.

పదహారు సాంచాలు నడుస్తున్నాయి. అంబదాసు తెగిన పోగు చూశాడు, చేయి దానంతట అదే పోయి ముడి వేసింది. కాసేపటికి ఆయన పెదవులు కదిలాయి. చేయి ఏదో గాల్లో గీసింది. రాజేశం తొడ మీద కొట్టుకుని నవ్వాడు, తిరిగి ఏదో అన్నాడు. అంబదాసు కూడా నవ్వాడు. అక్కడ ఎవరి గొంతూ వినబడదు. కాబట్టి పరాయి గొంతు ఏదీ ఆయన మాటకు అడ్డం రాలేదు. గోడకానుకుని నిలబడ్డ వనజ "ఏమంటుండు కాకా? ఏమన్నడు?" అని అరిచింది. ఆమె అరుపు ఆమెకే వినబడలేదు. ఆ పెదవుల మాట, చేతుల మాట ఆమెకు రాదు. చెవుల్లో దూది కుక్కుకున్న పిల్ల కళ్లను కూడా పుస్తకంలోనే పెట్టుకుంది.

అంతలో కరెంటు పోయింది. సాంచాలు ఒక్కొక్కటే నీరసించి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అంబదాసు గొంతు సగం మాటలో బయటపడింది: "…గా నూలు కండెలు అటు వెట్టు." వెంటనే ఆయన నవ్వు పోయింది. చుట్టూ చూశాడు. "ఎవరు?" అన్నాడు. అని, మళ్లీ ఉలిక్కిపడ్డాడు.

రాజేశం వనజ వైపు తిరిగాడు. "గీడ మంచిగనే ఉన్నడు గద బిడ్డా. మనిషికి ఏం గాలె అనుకున్న." చేతి దుమ్ము లుంగీకి తుడుచుకున్నాడు. "సదువుకున్నోళ్లు గిట్ల జేస్తరా? మీ నాయినను నువ్వు అడుగుతె ఏదన్న లేదంటడా? లేదనడని ఎరుకయ్యే గద అడిగినవ్."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

*

వనజ జరిగిందంతా ల్యాబుకు రాసి పంపింది. చాయ్ బండి సంగతి రాసింది, ఏడోసారి సంగతి రాసింది, గీత గీసిన చేయి ఎవరిదో రాసింది. ల్యాబులో ఆమె పేరు కొట్టేశారు. ఆమె అప్పీలు చేసుకోలేదు. సిరిసిల్లలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పొద్దున తండ్రిని రాజేశం వెంట షెడ్డుకు పంపుతూ, మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకుంటూ ఉంది.

ఒక మధ్యాహ్నం ముగ్గురూ ఇంటి ముందర కూర్చున్నారు. సుగుణ చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. వనజ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అంబదాసు నులక మంచం మీద కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు. పక్కన మూడో కప్పు చాయ చల్లారుతోంది.

ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎందుకో ఆ రోజు ఆ గొంతుకు అడ్డం పోకూడదని ఆయనే అనుకున్నట్టుంది. తల ఒక పక్కకు వంచి, పెద్దమనిషి మాట వింటున్నట్టు శ్రద్ధగా వింటూ మాట్లాడాడు.

"మా బిడ్డ పదో తరగతిల మండలానికే మొదలొచ్చింది. గా రోజు సాంచాల ఆసామి తిట్టినా ఇనకుంట సాంచాలన్ని బందు వెట్టిచ్చిన. సప్పుడు ఆపిచ్చి మరి చెప్పిన అందరికి. ఇంటికొచ్చినంక చెప్పరాలె. ఎట్ల చెప్పాలె? నాకు మంచిగ మాట్లాడ రాదాయె. సదువుకున్న పిల్ల, నేనేదన్న తప్పంటె నవ్వుకుంటదేమో అనుకున్న. తిన్నవా అనడిగిన. గది తప్పు పోదు గద."

సుగుణ చేతులు ఆగిపోయాయి. వనజ ఒళ్లోంచి చిక్కుడుకాయలు కింద పడ్డాయి.

అంబదాసు కాసేపు ఆగి, కూతురి వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కొత్త మనిషిని కలిసిన వెలుగు ఉంది.

"ఇన్నవా బిడ్డా? గాయనెవరో ఆయన బిడ్డ గురించి ఎంత మంచిగ చెప్తుండో."

"విన్నాను బాపూ."

"ఎవరాయన? నీకెరుకేనా?"

"ఎరుకే" అంది వనజ. "మా బాపు."

అంబదాసు ఆ మాటను తూచినట్టు ఆలోచించాడు. తల ఊపాడు.

"మంచోని లెక్కనే ఉన్నడు. నడుమ మాట్లాడకు. చెప్పనియ్యి."

ముగ్గురూ మాట్లాడకుండా ఎదురుచూశారు. వీధిలో ఎండ గోడ దాకా జరిగింది. ఆ గొంతు మళ్లీ రాలేదు.

ఎదుటిచెవి ఆగిపోలేదు. ఆస్పత్రుల్లో, కోర్టుల్లో, భార్యాభర్తలను కూర్చోబెట్టే చోట్ల దాన్ని వాడుతున్నారు. దానివల్ల మేలు జరిగినవాళ్లూ చాలామంది ఉన్నారు. ఇప్పుడు ఎవరికైనా పట్టీ కట్టే ముందు, కట్టేవాళ్లు ఆ మనిషి పనిచేసిన చోట ఒక పూట కూర్చుని రావాలని నియమం వచ్చింది. తర్వాత ఆ మనిషి లోపలి చప్పుళ్లన్నీ ఆ మనిషికే చూపించి, "ఇందులో మీవి ఏవి? ముట్టుకోకూడనివి ఏవి?" అని అడిగి రాసుకుంటారు. ఎప్పుడో ఒకనాడు మీరూ ఆ కుర్చీలో కూర్చోవచ్చు. మిమ్మల్నీ అడుగుతారు. ఆ ప్రశ్న ఎవరివల్ల వచ్చిందో ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. అలాంటి చోట్ల పేర్లు రాయరు. ఆయన పేరు దూస అంబదాసు, సిరిసిల్ల సాంచాల మనిషి. ఆ పేరు తన నోటితో చెప్పినా ఆయన అది ఎవరో చెప్పారనే అనుకుంటాడు. అందుకే అడుగుతున్నది: మీరు గుర్తుంచుకోండి.